రత్నమాల అనే ఫోల్డర్

నమోదు 1. పంచమి, ఉదయం 10.30

ఈ ఉదయం 9.42కి నా భర్త ఫోల్డర్ పేరు మార్చాను. 9.44కి ఆయన గొంతు పోయింది.

వివరాలు. ఇల్లు ఏడో దిమ్మె, మూడో అంతస్తు, పదహారో గది. కంప్యూటర్ వయసు పదకొండేళ్లు. సముద్రం ఊళ్లోకి వచ్చాక అందరం దిమ్మెల మీదికి ఎక్కిన మొదటి ఏడాది ఇంటికొకటి చొప్పున పంచిన పెట్టెల్లో అదొకటి. అందులో నా భర్త భావనారాయణ ఖాతా ఉంది. ఆ ఖాతా తాలూకు ఫోల్డర్‌లో ఆయన మాటలు ఉన్నాయి.

ఇది ఉన్నదున్నట్టు చెప్పడమే. మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఆయనకు కుడిచేయి, మాట, అక్షరం మూడూ పోయాయి. మెడకు కట్టే పట్టీ ఒకటి గొంతులో కదలికను చదువుతుంది. ఆయన ఏం అనబోతున్నారో పోల్చుకుని, ఫోల్డర్‌లో దాచిన ఆయన పాత మాటల్లోంచి సరిపడేది తీసి, ఆయన గొంతుతోనే వినిపిస్తుంది. దిమ్మెల మీద ఇళ్లలో తలుపు, దీపం అన్నీ మాటతోనే పనిచేసేవి గనుక పెట్టె మొదటినుంచీ వింటూనే ఉంది. విన్నదల్లా దాచింది. మొత్తం 11,460 వేర్వేరు మాటలు.

మా అంతస్తుకు కరెంటు వంతు తొమ్మిది నుంచి పదకొండు. తొమ్మిదింటికి పట్టీ తీసి చార్జింగ్‌కు పెడతాం. పట్టీ తీస్తే ఖాతా మూసుకుంటుంది. ఖాతా మూసి ఉన్నప్పుడే ఫోల్డర్ పేరు మారుతుంది, అదీ వేరే ఖాతాలోంచి. ఆయన స్నానానికి వెళ్లారు. నేను నా ఖాతాలోంచి వెళ్లి, ఇంటికి ఏడాదికి ఒక్కసారి ఇచ్చే పేరు మార్పు అనుమతి వాడి, పాత పేరు చెరిపి కొత్తది కొట్టాను. పెట్టె అభ్యంతరం చెప్పలేదు.

ఆయన వచ్చి పట్టీ కట్టుకున్నారు. రోజూ అన్నట్టే తువ్వాలు ఏదని అడుగుతారనుకున్నాను. పట్టీలోంచి ఎవరిదో కుర్రగొంతు వచ్చింది.

"నమస్కారం. మీరు తాత్కాలిక ఖాతాలో ఉన్నారు. మూడు వందల మాటలు అందుబాటులో ఉన్నాయి. ఈ ఖాతాలో ఏదీ భద్రపరచబడదు."

9.50కి పాత పేరు తిరిగి పెట్టబోయాను. అనుమతి అయిపోయిందని తెర మీద వచ్చింది. ఇంకోసారి మార్చాలంటే పెట్టెను మొదట తెరిచిన మనిషి వేలిముద్ర కావాలట.

పాత పేరు రత్నమాల. పెట్టెను మొదట తెరిచింది ఆవిడే. నా భర్త మొదటి భార్య.

నమోదు 2. షష్ఠి, ఉదయం 7.15

మంచినీళ్ల వరుసలో పందొమ్మిదో నంబరు. యంత్రం చీటీ ఇచ్చింది: రత్నమాల, పదహారో గది, నలభై లీటర్లు.

ఆరేళ్లుగా ఇదే చీటీ. దిమ్మె మీద నీళ్లు, బియ్యం, పడవ టిక్కెట్టు, మందులు అన్నీ ఖాతా పేరు చూడవు, ఫోల్డర్ పేరు చూస్తాయి. పెళ్లయిన నెలకే ఖాతా పేరు భావనారాయణగా మార్చుకున్నాం. తెర మీద మారింది, చీటీ మీద మారలేదు. పక్కగది లీలావతిగారు మొదటి వారంలోనే చీటీ చదివారు. అప్పటినుంచి వరుసలో నాకు ఆ పేరే.

"ఏమ్మా రత్నమాలా, ఆ బిందె కాస్త జరుపు," అన్నారు ఇవాళ కూడా.

జరిపాను. ఆరేళ్లలో దాదాపు రెండు వేల సార్లు జరిపి ఉంటాను.

తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది. పెట్టెలో ఒక పట్టిక ఉంటుంది. ఏ ఖాతా ఏ ఫోల్డర్‌దో అందులో రాసి ఉంటుంది. నేను ఫోల్డర్ పేరు మార్చాను, పట్టిక ముట్టుకోలేదు. పెట్టె పాత పేరుతో వెతికింది, దొరకలేదు, ఖాళీ ఫోల్డర్ ఒకటి చేసి ఇచ్చింది. చీటీలు పట్టిక చూసే అచ్చవుతాయి గనుక అవీ మారలేదు. పేరు పోవాల్సిన చోట ఉంది, మాటలు ఉండాల్సిన చోట లేవు.

నేను ఇరవై రెండేళ్లుగా విలేకరిని. ఇప్పుడు ఏడో దిమ్మె దినపత్రికలో పోటు వేళలు, మరణాలు, కమిటీ తీర్మానాలు రాస్తాను. రెండో ఆధారం దొరకనిదే ఏదీ అచ్చుకు పంపను. ఈ పనికి నా ఆధారం ఒక్కటే, మెట్ల దగ్గర గోడకు అంటించిన, పేరు మార్చే పద్ధతి చెప్పే నాలుగేళ్ల కిందటి కరపత్రం. కింది సగం చిరిగిపోయి ఉంది. పట్టిక సంగతి ఆ కింది సగంలో ఉండి ఉంటుంది.

నమోదు 3. సప్తమి, మధ్యాహ్నం 12.40

పేర్ల కార్యాలయానికి వెళ్లాను. గుమాస్తా ఆదిశేషు. యాభై దాటిన మనిషి, కళ్లజోడు తాడుతో కట్టుకున్నాడు.

"పెట్టె మొదట తెరిచింది ఎవరండీ?"

"రత్నమాల."

"అంటే మీరేగా?"

"కాదు. నేను హైమ."

తెర చూశాడు, నన్ను చూశాడు. "మరి ఆవిడ మీకేమవుతారు?"

"ఏమీ కారు."

"ఏమీ కాని మనిషి పేరుతో ఆరేళ్లుగా నీళ్లు పట్టుకుంటున్నారా మేడం?"

అది ప్రశ్న కాదు.

ఆదిశేషు చెప్పినవి. ఒకటి, పట్టికలో కొత్త పేరు రాయొచ్చు, దానికీ అదే వేలిముద్ర కావాలి, కానీ లాభం తక్కువ. దాచిన ప్రతి మాట చిరునామాలోనూ పాత పేరే ఉంది. "ఇల్లు కనిపిస్తుంది మేడం, గదులు తెరుచుకోవు. ఒక్కో గది తాళం మీరే మార్చుకుంటూ పోవాలి." పదకొండు వేల పైచిలుకు మాటలకు దాదాపు రెండు నెలలు పడుతుంది. రెండు, అంత వ్యవధి లేదు. పౌర్ణమి మధ్యాహ్నం పన్నెండుకు పెద్ద పోటు. సముద్రం లోపలికి రాకుండా గేట్లు వేస్తారు, రెండు రోజులు ఇళ్లకు కరెంటు ఉండదు. తిరిగి వచ్చినప్పుడు ప్రతి పెట్టె తనను తాను శుభ్రం చేసుకుంటుంది. తెరుచుకోని ఫోల్డర్లను, మాటలను దిక్కులేనివిగా లెక్కకట్టి చెరిపేస్తుంది. చోటు తక్కువ గనుక దిమ్మెల మీద అదే నియమం. మినహాయింపు లేదు.

"పాత పేరు తిరిగి పెడితే?"

"ఒక్క మాట కూడా పోదు. వేలిముద్ర పడాలి, అంతే."

రోజువారీ నమోదు రాసి ఫిర్యాదుకు జతచేయాలని చెప్పాడు. పంచమి నుంచి రాస్తున్న దీన్నే జతచేస్తాను.

"జరిగింది జరిగినట్టు రాయండి. కారణాలు అక్కర్లేదు," అన్నాడు.

నమోదు 4. నవమి, ఉదయం 11.10

సోలార్ పలకల మీద ఉప్పు తుడిచాను. పన్నెండు పలకలు, రెండు గుడ్డలు. ఆయన ఎడమచేత్తో బకెట్ పట్టుకున్నారు. రోజూ ఈ పనిలో ఆయన తను పోటు గేట్లు వేసిన రోజుల కబుర్లు చెబుతారు, ఏ గేటు ఏ ఏడాది ఎలా మొరాయించిందో, ఎవరు పోటు చూసి పరుగెత్తారో. నాలుగు రోజులుగా బకెట్ చప్పుడే.

తాత్కాలిక ఖాతాలో ఉన్న మూడు వందల మాటలు ఏదో సేవాకేంద్రం కోసం తయారుచేసినవి. నిన్న పులుసు వడ్డిస్తే "మీ సహకారానికి ధన్యవాదాలు" అన్నారు. ఉప్పు ఎక్కువైందని ఆయన మొహం చూసి నేనే గ్రహించాను. అందులో నా పేరు లేదు. నేను మేడంని.

లోపల ఏదో చెడిందని మాత్రమే ఆయనకు తెలుసు. ఇవాళ చెప్పాను.

"మీ ఫోల్డర్ పేరు మార్చింది నేను."

ఆయన గొంతు చాలాసేపు కదిలింది. పట్టీ వెతుక్కుంది. చివరికి కుర్రగొంతు వచ్చింది.

"మీ ఫిర్యాదు నమోదైంది. ధన్యవాదాలు, మేడం."

ఆయన ఎడమచేత్తో పట్టీ విప్పేసి బల్లమీద పెట్టారు. భోజనం దాకా కట్టుకోలేదు.

ఆదిశేషు కారణాలు అక్కర్లేదన్నాడు. ఒక కారణానికి అంకెలున్నాయి గనుక రాస్తున్నాను. పోయిన అమావాస్యనాడు ఫోల్డర్‌లో మాటల సూచిక తెరిచాను. ఏ మాట ఎన్నిసార్లు అన్నదీ అందులో ఉంటుంది. "రత్నా" అన్నవి 4,212 సార్లు. "హైమా" అన్నవి 1,306 సార్లు. పెట్టె వచ్చాక రత్నమాల ఈ ఇంట్లో ఉన్నది మూడేళ్లు. పక్షవాతం రాకముందు నేను ఉన్నదీ మూడేళ్లు. కాలం సమానం గనుక పోలిక న్యాయమైనదే. రోజుకు నాలుగుసార్లు, ఒకసారి. మూడుసార్లు లెక్క కట్టి చూశాను. అంకె మారలేదు.

నమోదు 5. ఏకాదశి, సాయంత్రం 4.50

ఉదయం పడవలో నాలుగో దిమ్మెకు వెళ్లాను. టిక్కెట్టు మీద ప్రయాణికురాలి పేరు రత్నమాల. రత్నమాల దగ్గరికి రత్నమాల టిక్కెట్టు మీదే వెళ్లాను.

ఆవిడ నాచు ఆరబెడుతుంది. వయసు నలభై నాలుగు. మణికట్టు దాకా చేతులు ఆకుపచ్చగా ఉన్నాయి. పొడగరి. అందంగా ఉందా అంటే, ఫోటోలో కంటే ఎదురుగా బాగుంది. ఆరేళ్లలో ఫోటో చూడటమే గాని మనిషిని చూడటం ఇదే మొదలు.

నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"నువ్వు హైమవి కదూ. పోయిన నెల మీ పేపర్లో పోటు వేళ పావుగంట తప్పు వేశావు. నా దండేలన్నీ తడిసిపోయినయ్."

"మర్నాడు సవరణ వేశాం."

"మర్నాటికి తడిసినవి ఆరినయ్యా? కూచో. బావ ఎట్టా ఉన్నాడు?"

"మీరు విడిపోయి ఎనిమిదేళ్లయింది," అన్నాను.

"అయితే? మొగుడు కాకుండా పోయాడు గాని బావ కాకుండా ఎట్టా పోతాడే? మా మేనత్త కొడుకు. కాయితం మీద సంతకం పెడితే వరస కూడా పోద్దా?"

ఈ విషయం నాకు ముందే తెలుసు. దాన్ని ఆవిడ నోట వినడం వేరు. నాకు ఆయనతో వరస లేదు, పెళ్లొక్కటే ఉంది.

జరిగింది చెప్పాను. పేరు మార్చానని, మాట పోయిందని, పౌర్ణమి గడువని. రాకపోతే ఏం చెప్పాలో పడవలో నాలుగు వాదనలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ వాడలేదు.

"రేపు కోత ఉంది, వదిలితే కుళ్లిపోద్ది. త్రయోదశి పొద్దుటి పడవకి వస్తా," అంది. "ఏం కూర తింటున్నాడు? ఆ మేతేసి పెంచిన చేపలు పెట్టకు, పడవు."

పెడుతున్నాను, పడుతున్నాయి. ఆ మాట ఆవిడతో అనలేదు.

లేవబోతుంటే, "రత్నమాలగారూ, కృతజ్ఞతలు," అన్నాను.

"గారేందే. అక్కా అను."

అనలేదు.

నమోదు 6. త్రయోదశి, మధ్యాహ్నం 2.30

పోటు ఎదురై పడవ ఆలస్యమైంది. రత్నమాల 11.20కి వచ్చింది. కరెంటు వంతు 11కే అయిపోయింది. బ్యాటరీ మీద తెర వెలుగుతుంది, పేరు గాని పట్టిక గాని మారదు. కాబట్టి పని రేపటికి పడింది. రేపు చతుర్దశి. ఆ తర్వాత ఇంకో ఉదయం ఉంది గాని, పౌర్ణమినాడు గేట్ల పనికి కరెంటు మళ్లించి ఇళ్ల వంతులు రద్దు చేశారు. ఈ వార్త నిన్న నేనే రాశాను. ఉన్నది ఒక్క ఉదయం.

ఆవిడ గుమ్మంలో కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి, కొట్టుకుంటున్న కిటికీ దగ్గరికి తిన్నగా నడిచింది. గడియ కొద్దిగా పైకెత్తి తోసింది. పడింది. ఆ కిటికీ ఆరేళ్లుగా కొట్టుకుంటోంది. రెండుసార్లు వడ్రంగిని పిలిపించాను.

"ఏం బావా, మెడకి ఆ పట్టెడేంది, పెళ్లికూతురిలాగ?"

ఆయన గొంతు కదిలింది. "నమస్కారం. మీకు ఏ విధంగా సహాయపడగలను?"

"ముందెప్పుడూ పడలేదు, ఇప్పుడు పడతావా?" అని ఆవిడ పెట్టె ముందు కూర్చుంది. తెర తెరిచి ఫోల్డర్ల జాబితా చూసింది.

"ఏమే హైమా. నా పేరు తీసి బావ పేరు పెట్టావనుకున్నా. ఇక్కడ నీ పేరుంది."

నమోదు 1లో కొత్త పేరేదో రాయలేదు. తర్వాతి నాలుగు నమోదుల్లోనూ రాయలేదు. మరిచిపోయి కాదు. ఆ ఉదయం 9.42కి భావనారాయణ అని కొట్టడానికే కూర్చున్నాను. కొట్టింది హైమ అని.

ఆయన నావైపు తిరిగారు. ఈ సంగతి ఆయనకూ ఇప్పుడే తెలిసింది.

"నవ్వితే నవ్వండి," అన్నాను.

"నేనెందుకు నవ్వుతా? నేను మాత్రం పొరపాటున పెట్టాననుకున్నావా?" రత్నమాల కుర్చీ మావైపు తిప్పింది. "పెట్టె వచ్చిన్రోజు ఈయన ఇంటి మొహం చూసి నాలుగు రోజులైంది. గేటు దగ్గరే తిండి, గేటు దగ్గరే నిద్ర. ఎవరింట్లో చూసినా మా భావన్న గేటేశాడు, మా భావన్న కాపాడాడు. ఊరందరికీ భావన్నే, నాకే లేడు. వాడేవాళ్ల పేరు కొట్టమంది పెట్టె. ఈయన పేరే కొడదామనుకున్నా. ఒళ్లు మండింది. పెట్టెలోనైనా నా కింద పడి ఉండనీ అని నా పేరు కొట్టా. అడిగితే తెలీక కొట్టానని చెప్పా. ఇన్నేళ్లూ అదే నమ్మాడు పిచ్చోడు."

ఆయన నవ్వారు. నవ్వుకు ఫోల్డర్ అక్కర్లేదు, అది ఆయన సొంత గొంతుతోనే వస్తుంది. ఎనిమిది రోజుల తర్వాత విన్నాను. అది నా మాటకు వచ్చిన నవ్వు కాదు. ఈ వాస్తవం కూడా నమోదు చేస్తున్నాను.

అప్పుడు ఎందుకు చెప్పానో తెలియదు, సూచికలో అంకెలు ఆవిడకు చెప్పాను. నాలుగు వేల రెండు వందల పన్నెండు. పదమూడు వందల ఆరు.

"లెక్కబెట్టావా?" అంది రత్నమాల. "ఓసి నీ! అందులో మూడు వేలు పోట్లాటలే. రత్నా తలుపు తియ్, రత్నా ఎక్కడ చచ్చావ్, రత్నా నీకేం తెల్దు ఊరుకో. నేను ఎప్పుడూ వేరే గదిలోనో, మెట్ల మీదో, మా అమ్మగారింట్లోనో ఉండేదాన్ని, అరిచేవాడు. ఎదురుగా కూచున్న మనిషిని ఎవరైనా పేరెట్టి పిలుస్తారా?"

నేను ఆయన్ని చూశాను. ఆయన నేల చూస్తున్నారు. ఆవిడ చెప్పింది ఒక్కరి సాక్ష్యం, పైగా సొంత విషయంలో సాక్ష్యం. రెండో ఆధారం ఆయనొక్కరే. ఆయన మాట్లాడే స్థితిలో లేరు.

నిర్ణయం మిగిలింది. రత్నమాల రెండు దారులూ ముందు పెట్టింది.

"పట్టికలో నీ పేరు రాయమంటే రాస్తా. వేలే కదా, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతా. మాటలు ఎన్ని మిగిలితే అన్ని మిగులుతాయి. లేదా పాత పేరే పెట్టుకోండి. నా పేరు అక్కడుంటే నాకేం ఒరుగుద్ది? నీళ్లు కూడా నువ్వే పట్టుకుంటున్నావు."

ఇవాల్టి నుంచి ఎల్లుండి మధ్యాహ్నం లోపు నేను తాళాలు మార్చగలిగే మాటలు, కరెంటు రెండు గంటలే గనుక, రెండు వందలు. మిగతా పదకొండు వేలు చెరిగిపోతాయి. ఏ రెండు వందలు ఎంచుకోవాలో నాకు వెంటనే తట్టింది. మొదటిది నా పేరే. అది తట్టినందుకు సిగ్గుపడ్డాను గాని, తట్టిన మాట నిజం.

"మాటలు ఆయనవి. ఆయన్నే అడుగుదాం," అన్నాను.

అడిగాను. ఎదురుగా కూర్చుని, రెండు దారులూ విడివిడిగా చెప్పి, ఏది కావాలని అడిగాను. గొంతు కదిలింది. పట్టీ మూడు వందల మాటల్లో వెతికింది.

"పాత సేవను కొనసాగించండి."

"సరే," అని లేవబోయాను. ఆయన ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. గొంతు మళ్లీ కదిలింది. ఈసారి పట్టీకి ఎక్కువ సమయం పట్టింది.

"దయచేసి లైన్‌లో ఉండండి."

కూర్చున్నాను. రత్నమాల లేచి, పులుసు చూస్తానని వంటగట్టు దగ్గరికి వెళ్లింది. ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగింది. దాని చోటు నేను మార్చాను. ఆవిడకు తెలియదు.

నమోదు 7. త్రయోదశి, సాయంత్రం 5.40

తిరుగు పడవ లేదు. రత్నమాల రాత్రికి ఇక్కడే. ముందుగదిలో చాప వేశాను.

రేపటి నీళ్లకు యంత్రం దగ్గర ముందే చీటీ తీసుకున్నాను. దాని మీద రత్నమాల అని ఉంది. ఇక మీదట కూడా అదే ఉంటుంది. లీలావతిగారికి చెప్పి మాన్పించాలా అని ఆలోచించి, అక్కర్లేదనుకున్నాను.

రేపు పట్టీ కట్టేటప్పుడు ఎవరు ఎక్కడ నిలబడాలన్న మాట వచ్చింది. రత్నమాల తను వరండాలో ఉంటానంది. "నేను కనపడితే రత్నా అంటాడేమోనని నువ్వు ఊపిరి బిగబట్టి చస్తావు," అంది. లోపలే ఉండమన్నాను. ఆవిడ కనపడకపోతేనే పేరు పెట్టి పిలుస్తారని ఆవిడే కదా చెప్పింది.

చతుర్దశి కార్యక్రమం:

ఉదయం 9.00, కరెంటు. పట్టీ తీసి చార్జింగ్‌కు. తాత్కాలిక ఖాతా మూసివేత.
9.30, ఆయన స్నానం.
9.42, రత్నమాల వేలిముద్ర. ఫోల్డర్ పేరు హైమ నుంచి రత్నమాలకు. పేరు కొట్టేది నేను.
9.44, పట్టీ. ఆయన ఎదురుగా, చేయి చాస్తే అందేంత దూరంలో, తువ్వాలు పట్టుకుని నేను.
9.45, ఆయన అన్న మొదటి మాట, నా పేరు అందులో ఉన్నా లేకపోయినా, అన్నది అన్నట్టు నమోదు.